నరసింహ వేషధారికి ఆవేశం వస్తే: దీక్ష, సింహముఖం, వేషం దింపడం

గుడిమెట్లు (ప్రశ్న):

వైశాఖ శుద్ధ చతుర్దశి రాత్రి గుడి ముందర ప్రహ్లాద నాటకం వేయబోతున్నాం. నిడివి రెండున్నర గంటలు. నటులంతా ఔత్సాహికులే. హిరణ్యకశిపుడికీ లీలావతికీ అనుభవం ఉన్నవాళ్లు దొరికారు. నరసింహ వేషం కట్టే యువకుడు నలభై రోజులు దీక్షలో ఉంటాననీ, ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టననీ పట్టుబడుతున్నాడు. రిహార్సల్లో సింహముఖం తొడగ్గానే మనిషి మారిపోతున్నాడు. పిలిస్తే పలకడు. పద్యం అయిపోయినా గర్జన ఆపడు. ముఖం తీశాక పావుగంట దాకా నోట మాట రాదు. ఇది స్వామి అనుగ్రహం, అడ్డుపడొద్దని ఊరి పెద్దలు అంటున్నారు. ప్రహ్లాదుడి వేషం తొమ్మిదేళ్ల పిల్లవాడిది, వాడి అమ్మానాన్నలకు భయంగా ఉంది.

ఈ నాటకాన్ని తరతరాలుగా ఆడేచోట్ల దీన్ని ఎలా చూస్తారు? దీక్ష ఎంతవరకు అవసరం? ఆవేశం వచ్చిన మనిషిని క్షేమంగా దింపే పద్ధతి ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయగలరు.

తెరచాటు:

పెద్దల మాట కొట్టిపారేయకండి. అయితే అనుగ్రహమని నమ్మినచోటే కట్టుదిట్టాలు ఎక్కువ, అది వాళ్లకు గుర్తు చేయండి. తంజావూరు జిల్లా మెలట్టూరులో భాగవతమేళం ఇప్పటికీ తెలుగులోనే ఆడతారు. మెలట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రమును నరసింహ జయంతికి వరదరాజ పెరుమాళ్ గుడి ముందు ప్రదర్శిస్తారు. అక్కడ సింహముఖానికి పూజ జరుగుతుంది. వేషధారి ఉపవాసం ఉంటాడు. ఆవేశం వస్తుందని ముందే తెలుసు కాబట్టి పట్టుకునే మనుషులు పక్కనే ఉంటారు. ఎవరూ కంగారుపడరు, ఎవరూ ఏమరుపాటుగా ఉండరు.

ఇప్పటి బృందాలు దీక్ష తీసుకోవడంలో చూపే శ్రద్ధలో సగం కూడా వేషం దింపడంలో చూపడం లేదు. చిక్కంతా అక్కడే. హిరణ్యకశిపుడు పడిపోగానే జనం లేస్తారని నాటకం అక్కడికే కోసేస్తారు, మంగళహారతి పాడి తెర లాగేస్తారు. మనిషిని ఉగ్రం దాకా ఎక్కించి మెట్లు లాగేసినట్టే అది. కథ చూడండి. భాగవతంలో హిరణ్యకశిపుడి వధ తరువాత దేవతలకూ, చివరికి లక్ష్మీదేవికీ స్వామి దగ్గరికి వెళ్లే ధైర్యం చాలలేదు. ప్రహ్లాదుడు వెళ్లి సాగిలపడ్డాడు, స్వామి వాడి తల మీద చెయ్యి పెట్టాడు, స్తుతి సాగింది, ఉగ్రం చల్లారింది. వేషం దింపే దారి కథలోనే ఉంది. ఆ ఘట్టానికి తగినంత సమయం ఇవ్వండి. రెండున్నర గంటల్లో ఏదైనా కోయాలంటే చండామార్కుల బడి దగ్గర కోసుకోండి.

ఇక పట్టుకునే పద్ధతి. ఇద్దరు బలమైన మనుషుల్ని రాజభటుల వేషంలో ముందునుంచే రంగం మీద ఉంచండి. నరసింహుడి నడుముకు నాలుగు వేళ్ల వెడల్పున్న నూలు గుడ్డ నడికట్టుగా చుట్టి, వెనక రెండు కొసలు మూరెడు మూరెడు వదలండి. భటులు ఆ కొసలే పట్టాలి. చేతులు మెలిపెట్టి పట్టినా, మెడ చుట్టూ చెయ్యి వేసినా మనిషి ఇంకా పెనుగులాడతాడు, భుజం జారుతుంది. నడుము దగ్గర పట్టు ఉంటే ముందుకు దూకలేడు, ఊపిరికి అడ్డం ఉండదు.

గోళ్లు నిజమైనవి పూర్తిగా కత్తిరించి, మెత్తటి స్పాంజితో చేసినవి వేళ్లకు తొడగండి. పేగులంటే ఎర్రరంగు అద్దిన నూలు గుడ్డ పేలికలే. వాటిని ఒక సంచిలో పెట్టి హిరణ్యకశిపుడి పొట్ట మీద ఉత్తరీయం కింద కట్టాలి, ఆ సంచికీ ఒంటికీ మధ్య రెండంగుళాల దూది పరుపు. గడప మీద కూర్చునే పీట మోకాలి ఎత్తుకు మించకూడదు. హిరణ్యకశిపుడు తొడల మీద అడ్డంగా పడుకున్నా ఒక పాదం నేల మీదే ఆనించి తన బరువు తానే మోయాలి. నిజంగా నొప్పి పుడితే అతను అరచేత్తో నేలను రెండుసార్లు చరచాలి, ఆ క్షణమే భటులు నడికట్టు వెనక్కి లాగాలి. ఈ సైగను సింహముఖం లేకుండా పదిసార్లు, ఉండగా పదిసార్లు సాధన చేయించండి. అరుపులతో సైగ పెట్టుకోవద్దు, హిరణ్యకశిపుడు ఎలాగూ అరుస్తూనే ఉంటాడు.

స్తంభంలో టపాకాయలు, మందు పెట్టొద్దు. జూలుకు వాడే జనపనార నిప్పురవ్వకే అంటుకుంటుంది, ముఖం తొడిగినవాడికి ఆ మంట కనిపించదు కూడా. ప్లైవుడ్డు చట్రాన్ని నిలువునా రెండు చెక్కలుగా చేసి, పైన రంగు కాగితం అంటించి, లోపలినుంచి తాడు లాగితే విచ్చుకునేలా కడితే సరిపోతుంది. చప్పుడు డోలు ఇస్తుంది.

నాడి:

పైన చెప్పినవి రంగస్థలం సంగతులు. శరీరం సంగతి నేను చెబుతాను. భక్తిని తక్కువ చేయడానికి కాదు, ఆ యువకుడు నాటకం అయ్యాక ఇంటికి నడిచి వెళ్లాలి కాబట్టి.

నీళ్లు లేని ఉపవాసం, వైశాఖపు ఉక్క, మూసుకుపోయిన ముఖం. ఈ మూడూ ఒక మనిషి మీద ఒకేసారి పడుతున్నాయి. పగలంతా నీళ్లు లేకపోతే రక్తం చిక్కబడి, నిలబడ్డప్పుడు రక్తపోటు పడిపోతుంది. సింహముఖం లోపల వదిలిన గాలే తిరిగి పీలుస్తాడు, తల వేడెక్కుతుంది. గర్జన కోసం వేగంగా, లోతుగా ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పెదవుల చుట్టూ జివ్వుమంటుంది, ఒక్కోసారి చేతివేళ్లు కొంకర్లు పోతాయి. చుట్టూ ఉన్నవాళ్లు దూరంగా జరిగిపోయినట్టు తోస్తుంది. ఆవేశం ఏదైనా కావచ్చు, ఇవి మాత్రం దానికి తోడై మనిషిని పడేస్తాయి.

ఉపవాసం మాన్పించాల్సిన పని లేదు, మార్చితే చాలు. ఉదయం పాలు, పళ్లు. మధ్యాహ్నం నానబెట్టిన వడపప్పు. ఆ తరువాత వేషం కట్టేదాకా గంటకు ఒక గ్లాసు పానకం. లీటరు నీటికి నూరు గ్రాముల బెల్లం, అరచెంచా మిరియాల పొడి, రెండు యాలకులు, చిటికెడు శొంఠి, వీటికి పావుచెంచా ఉప్పు కలపండి. చెమటలో పోయేది ఉప్పే. పానకం, వడపప్పు నరసింహస్వామికి నైవేద్యాలు, మంగళగిరిలో స్వామి నోట పోసేదే పానకం. గుళ్లో నివేదన చేయించి తీర్థంగా ఇవ్వండి, ఆ యువకుడు కాదనడు.

షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లు, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఈ వేషం కట్టకూడదు. ముందే ఒకసారి డాక్టరుకు చూపించండి.

ముఖం తీశాక మూడు చూడండి. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తిప్పుతున్నాడా, చెయ్యి నొక్కమంటే నొక్కుతున్నాడా, ఒళ్లు చల్లటి చెమటతో జిగటగా ఉందా. మొదటి రెండూ ఉంటే మాట రాకపోయినా కంగారు లేదు, పావుగంట ఇవ్వండి. స్పృహ లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు అడుగెత్తు లేపండి, బిగుతు కట్లు వదులు చేయండి. నిమిషంలో తెప్పరిల్లకపోతే 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి ఊపిరి చూస్తూ ఉండండి. స్పృహ లేనివాడి నోట్లో తీర్థం, నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు కొట్టుకుంటుంటే కూడా పక్కకే తిప్పండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ల మధ్య గుడ్డ కుక్కడం వద్దు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ: తడిగుడ్డలు, విసనకర్ర, ఆసుపత్రి. ఆలస్యం వద్దు.

ముక్తాయింపు:

మద్దెల వైపునుంచి ఒక మాట. వేషధారిని ఎక్కించేదీ దించేదీ చాలావరకు లయే. మీవాడు పద్యం దాటినా గర్జన ఆపడం లేదంటే, అతను ఆగినా వాద్యాలు ఆగడం లేదేమో చూడండి. అతను ఊగితే మద్దెల వేగం పెంచుతుంది, వేగం పెరిగితే అతను ఇంకా ఊగుతాడు. దీనికి అంతు ఉండదు.

వేగానికి ముందే హద్దు కట్టండి. ఫోనులో మెట్రోనోమ్ (లయ దెబ్బలు కొట్టే యాప్) పెట్టుకుని చూసుకోవచ్చు. స్తంభం ముందు సంవాదం నిమిషానికి 80 దెబ్బల దగ్గర మొదలైతే, స్తంభం విచ్చుకునేసరికి 110, వధ ఘట్టంలో 140. అంతకు మించొద్దు. వధ అయ్యాక ఒక్కసారిగా ఆపేయడం అన్నిటికంటే చెడ్డది. పట్టుకోవడానికి లయ లేక మనిషి గాలిలో ఉండిపోతాడు. తీర్మానం (ముగింపు జతి) వేసి 110కి, నాలుగు ఆవర్తనాలు (తాళపు చుట్లు) అయ్యాక 80కి, ప్రహ్లాదుడు సాగిలపడేసరికి 60కి రండి. అక్కడ డోలు, కంచు తాళాలు పూర్తిగా మానేసి శ్రుతి, గొంతు, మద్దెల వేలికొసల మీద మాత్రమే నడపండి. స్తుతి పాడేవాళ్లు వాక్యాలు పొడుగ్గా తీయాలి. వినేవాడి ఊపిరి పాట వెంట వస్తుంది.

సింహముఖం తొడిగి ఉండే సమయం మొత్తం పన్నెండు నిమిషాలు దాటకూడదు. గర్జన మూడుసార్లు చాలు, మిగతావి శంఖం ఊదేవాడికి అప్పగించండి. గొంతుతోనే అన్నీ చేస్తే స్వరతంతులు వాస్తాయి, మర్నాడు మాట ఉండదు. మద్దెల వాయించేవాడు వేషధారి ఛాతీ కనిపించేచోట కూర్చోవాలి. ఊపిరి ఎగదోస్తోందంటే వెంటనే ఒక మెట్టు దిగాలి, పద్యం మిగిలినా సరే.

గుడిమెట్లు:

అందరికీ కృతజ్ఞతలు. పానకం మాటకు మావాడు ఒప్పుకున్నాడు. ఇంకో రెండు సంగతులు. నాటకం అయ్యాక జనం చంటిపిల్లల్ని తెచ్చి అతని కాళ్ల మీద పడుకోబెడతారు, మొక్కులు చెప్పుకుంటారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఏం చేయాలి? రెండోది, హిరణ్యకశిపుడు వేసే ఆయన నాకు దీక్షలూ ఏమీ అక్కర్లేదు, రాక్షసుడికెందుకు అంటున్నారు.

తపస్సుమాను:

రెండోది ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని అందరూ మరిచిపోతారు. దైవం వేషం కట్టినవాడికి అందరూ దండం పెడతారు. దైవాన్ని తిట్టే వేషం కట్టినవాడు గుడి ముందర నిలబడి గంటల తరబడి హరిని తిట్టి, పసివాణ్ణి హింసించి, ఒంటరిగా ఇంటికి పోతాడు. భక్తుడైతే అది లోపల పొడుస్తూనే ఉంటుంది. తమిళుల వీధినాటకం తెరుక్కూత్తులో, వస్త్రాపహరణం ఘట్టంలో దుశ్శాసన వేషధారి ద్రౌపది చీర ముట్టుకునే ముందు కర్పూరం వెలిగించి అమ్మవారిని క్షమాపణ అడిగే పద్ధతి ఉంది. చీర పట్టుకుని స్పృహ తప్పే దుశ్శాసనులూ ఉంటారు. మీ హిరణ్యకశిపుడికి కూడా వేషం కట్టే ముందు స్వామి దర్శనం, దిగాక తీర్థం, శఠారి ఏర్పాటు చేయండి. ముఖం తీసిన నరసింహుడు, హిరణ్యకశిపుడు, ప్రహ్లాదుడు ముగ్గురూ పక్కపక్కన కూర్చుని ఒకే వరసలో ప్రసాదం తినాలి. ఇది మరిచిపోకండి.

మొదటిదానికి చిత్తూరు వైపు భారతాలు చూడండి. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున వేషధారి తపస్సుమాను (అర్జునుడి తపస్సు ఘట్టానికి నిలబెట్టే ఎత్తైన మాను) ఎక్కే రోజున పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ వరపడతారు, అంటే వరం కోరి సాగిలపడతారు. అర్జునుడు పద్యాలు పాడుకుంటూ పైకెక్కి నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. అప్పుడు అతను అర్జునుడే, ఎవరికీ సందేహం లేదు. ఆ మొక్కుకు చోటూ సమయమూ ఉన్నాయి: మాను మీద ఉన్నంతసేపే. కిందికి దిగాక మొక్కులు లేవు, ఇచ్చేది ఆ నిమ్మకాయే.

కాశీ దగ్గర రాంనగర్ రామలీల నెలరోజులు నడుస్తుంది. రాముడు, సీత, లక్ష్మణ భరత శత్రుఘ్నుల వేషాలు గొంతు మారని అబ్బాయిలవి. కిరీటం తల మీద ఉన్నంతసేపు వాళ్లు దేవుడి స్వరూపాలే, కాశీరాజు కూడా నమస్కరిస్తాడు, భుజాల మీద మోస్తారు, హారతి ఇస్తారు. కిరీటం దించితే పిల్లలు. మీకూ ఆ హద్దు సింహముఖమే. స్తుతి అయ్యాక, ముఖం ఉండగానే, రంగం మీదే మంగళహారతి ఇప్పించండి. జనం దూరంనుంచే దండం పెట్టుకుంటారు. తరువాత తెర వెనక ముఖం తీసి పీట మీద పెట్టి, పసుపు కుంకుమలు వేసి, ఆ పీటను బయటికి తెండి. చంటిపిల్లల్ని ఆ పీట ముందు పడుకోబెట్టమనండి. ఎవరూ నొచ్చుకోరు, మొక్కు స్వామికే చేరింది. యువకుణ్ణి అరగంట దాకా జనంలోకి పంపొద్దు.

ముఖం తీసే మనిషి ఒక్కడే ఉండాలి, రిహార్సల్లో ఉన్నవాడే ఆ రోజూ ఉండాలి. తీయగానే వేషం పేరుతో కాక సొంత పేరుతో పిలవాలి. కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకు ఆనించి, కాళ్లు చేతులు చల్లటి నీళ్లతో కడిగి, స్పృహ సరిగ్గా ఉందని చూసుకున్నాకే పానకం గుక్క గుక్కగా ఇవ్వాలి. ఫోటోలు తీసేవాళ్లను తెర దాటనివ్వొద్దు.

సఫేదా:

ముఖం రంగు గురించి ఎవరూ రాయలేదు. పాత బృందాల దగ్గర పసుపు రంగుకు అర్దళం, ఎరుపుకు ఇంగిలీకం ఇంకా ఉండవచ్చు. అర్దళంలో పాషాణం (ఆర్సెనిక్ విషం) ఉంది, ఇంగిలీకంలో పాదరసం ఉంది. చెమటతో కళ్లలోకీ నోట్లోకీ పోతాయి. వాడొద్దు. జింక్ ఆక్సైడుతో చేసిన సఫేదా (తెల్లరంగు), ఒంటికి పనికొస్తాయని రాసి ఉన్న నాటకపు రంగులు చాలు. సింహముఖం కింద నరసింహుడికి రంగే అక్కర్లేదు, నుదుటికి నూలు గుడ్డ చుట్టి వదిలేయండి. ముఖం కాగితపు గుజ్జుతో చేయిస్తే తేలిక. దవడ కింద రెండు, ముక్కు దగ్గర రెండు, అంగుళం వెడల్పున్న రంధ్రాలు పెట్టించండి. కంటి రంధ్రాల్లోంచి కాళ్ల ముందు నేల కనపడదు కాబట్టి స్తంభం నుంచి గడప దాకా సున్నంతో గీత గీయండి.

రంగు తీయడానికి ముందు కొబ్బరినూనె, తరువాత మెత్తటి గుడ్డ, ఆ తరువాతే సబ్బు. హిరణ్యకశిపుడి రంగు తీయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. తొందరపెట్టకండి, వేషం దిగేది అప్పుడే.

తెరచాటు:

నలభై రోజుల దీక్ష మీద నా అభిప్రాయం: తీసుకోనివ్వండి, కానీ అయ్యప్ప దీక్షలాగే దీనికీ విరమణ ఉండాలి. మాల వేసుకున్నవాణ్ణి అందరూ స్వామీ అంటారు, మాల తీశాక అనరు. నాటకం మర్నాడు ఉదయం గుళ్లో దీక్షా విరమణ చేయించి, కంకణం కడితే విప్పించి, గడ్డం పెంచితే తీయించండి. జర్మనీలో ఒబరామ్మెర్గౌ ఊరివాళ్లు 1633లో ప్లేగు తగ్గాలని మొక్కుకుని 1634 నుంచి క్రీస్తు శ్రమల నాటకం ఆడుతున్నారు. నటులు అంతకు ముందు ఏడాదే జుట్టూ గడ్డమూ పెంచడం మొదలుపెట్టి, ప్రదర్శనలన్నీ అయ్యాక తీసేస్తారు. ప్రధాన పాత్రలకు అక్కడ ఇద్దరేసి నటులు ఉంటారు. మీరూ నరసింహుడికి రెండో మనిషిని తయారు చేయండి. ఇది నా చేతిలోనే ఉంది, నేను లేకపోతే స్వామి రాడు అనే భారం మొదటివాడి మీదనుంచి దిగిపోతుంది.

దీక్షలో కూడా ఉద్యోగం, ఇంటిపని మానొద్దు. నటుడు కోపాన్ని మోసుకుని ఇంటికి పోతున్నాడనిపిస్తే, నిద్ర తగ్గితే, దీక్షను పదకొండు రోజులకు కుదించండి. సింహముఖంతో రిహార్సలు వారానికి రెండుసార్లకు మించొద్దు. మిగతా రోజులు తువ్వాలు కట్టుకుని నడక, అడుగులు, సైగలు మాత్రమే. చివరి రిహార్సలు ప్రదర్శనకు రెండు రోజుల ముందే అయిపోవాలి.

బాలవేషం:

పిల్లవాడి సంగతి ఆఖరికి వచ్చింది, నిజానికి మొదట రావాల్సింది. సింహముఖాన్ని వాడికి పగటివెలుగులో చూపించండి, చేత్తో తడమనివ్వండి, తన ముఖానికి పెట్టుకోనివ్వండి. తరువాత ఆ అన్న వాడి కళ్లముందే తొడుక్కుని, మామూలు గొంతుతో వాడితో మాట్లాడి, తీసేయాలి. ఇలా కనీసం నాలుగుసార్లు. చీకట్లో, డప్పుల మధ్య మొదటిసారి చూపిస్తే వాడు జడుసుకుంటాడు, మళ్లీ ఆ వేషం కట్టనంటాడు.

వధ జరిగేటప్పుడు వాడు లీలావతి పక్కన, ఆమె చెయ్యి పట్టుకుని, రంగం ఎడమ అంచున ఉండాలి. నరసింహుడికీ హిరణ్యకశిపుడికీ మధ్య ఏ క్షణంలోనూ రాకూడదు. మద్దెల 60కి వచ్చి, భటుల్లో ఒకరు నడికట్టు కొస చుట్టుకుని తల ఊపాకే లీలావతి వాణ్ణి వదలాలి. ఆ తల ఊపు లేకపోతే లీలావతే పాట అందుకుని స్తుతి పూర్తి చేస్తుంది, పిల్లవాడు ఉన్నచోటే చేతులు జోడిస్తాడు. ఆ రెండో దారిని కూడా రిహార్సల్లో ఆడించండి. నరసింహుడు వాడి తల మీద పెట్టే చెయ్యి ఎడమచెయ్యి అయితే మేలు, కుడిచేతి గోళ్లకు వధలో అంటిన ఎర్రరంగు వాడి కళ్లలోకి కారదు.